రైటింగ్ సెంటర్‌ను అన్ని భాషల విద్యార్థులకూ అనువుగా నడపడం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

అమెరికా వెళ్లి చదువుకున్న తెలుగు విద్యార్థుల్లో చాలామందికి రైటింగ్ సెంటర్ అంటే లైబ్రరీలో ఎక్కడో కనిపించే ఒక బోర్డు మాత్రమే. విద్యార్థి తాను రాస్తున్న వ్యాసాన్నో, ప్రాజెక్టు రిపోర్టునో, థీసిస్ అధ్యాయాన్నో పట్టుకుని అక్కడికి వెళితే, శిక్షణ పొందిన ట్యూటర్ ఒకరు అరగంట నుంచి గంట సేపు పక్కన కూర్చుని దాని గురించి మాట్లాడతారు. చాలాచోట్ల ఆ ట్యూటర్ కూడా అదే విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న విద్యార్థే. ఫీజు ఉండదు, మార్కులు ఉండవు. 1930లలో అయోవా, మిన్నెసోటా విశ్వవిద్యాలయాల్లో రైటింగ్ ల్యాబ్‌లుగా కనిపించిన ఈ ఏర్పాటుకు, 1970లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం హైస్కూలు పూర్తిచేసిన నగరవాసులందరికీ ప్రవేశం కల్పించిన కాలం నుంచి ప్రాధాన్యం బాగా పెరిగింది. అంతవరకూ కాలేజీ గడప తొక్కని కుటుంబాల పిల్లలు, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పిల్లలు ఒక్కసారిగా తరగతుల్లోకి వచ్చారు. ఇప్పుడు ఆ వైవిధ్యం ఇంకా పెరిగింది. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయులే 3,31,602 మంది. వారిలో తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవారు గణనీయంగా ఉన్నారు.

గోడ మీద నలభై భాషల్లో ‘స్వాగతం’ అని పోస్టర్ అతికించడం సులువే. ఆ పోస్టర్ కింద కూర్చున్న ట్యూటర్ ‘గ్రామర్ మేం చూడం’ అని మొదటి మాటగా చెప్పేస్తే వచ్చిన విద్యార్థి మళ్లీ రాడు. సెంటర్ల రోజువారీ నియమాల్లో చాలా భాగం ఇంగ్లీషు ఇంటి భాషగా పెరిగిన విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని ఏర్పడ్డాయి కనుక, వాటిని ఒక్కొక్కటిగా తీసి చూసి, అవసరమైనచోట తిరగరాయడమే అసలు పని. రైటింగ్ సెంటర్లను నడిపేవారికి, వాటిలో ట్యూటర్లుగా చేరుతున్న తెలుగు విద్యార్థులకు, మన రాష్ట్రాల్లో ఇలాంటి సెంటర్ పెట్టాలనుకునే అధ్యాపకులకు ఉపయోగపడేలా ఆ పనిని వరుసగా వివరిస్తున్నాను.

1. ముందు రానివాళ్లెవరో తేల్చుకోండి

గడచిన రెండు సెమిస్టర్ల అపాయింట్‌మెంట్ల రికార్డును తీసి, రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చే విద్యార్థుల వివరాలతో పక్కపక్కన పెట్టి చూడండి. ఏ డిపార్ట్‌మెంట్ విద్యార్థులు వస్తున్నారు, ఎవరు అసలే రావడం లేదు, ఎవరు ఒక్కసారి వచ్చి ఆగిపోయారు అన్న మూడు ప్రశ్నలకు జవాబులు తెలియాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. అసలు రానివారికి సెంటర్ గురించి తెలియకపోయి ఉండవచ్చు. ఒకసారి వచ్చి మానేసినవారు మాత్రం తెలిసే మానేశారు.

ఈ లెక్క తీసేటప్పుడు భాషాపరమైన వైవిధ్యాన్ని ‘ఇంటర్నేషనల్ స్టూడెంట్స్’ అనే ఒక్క గడిలో కుదించకూడదు. ఇంట్లో స్పానిష్ మాట్లాడుతూ టెక్సస్‌లో పుట్టి పెరిగిన అమ్మాయి, నల్లజాతి కుటుంబాల ఇంగ్లీషును పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న అబ్బాయి ఆ గడిలోకి రారు. అయినా తమ మాటతీరు కాలేజీకి పనికిరాదన్న భావన వారికి బడిలోనే కలిగి ఉంటుంది. విద్యార్థులకు తమ సొంత భాషారూపాల మీద హక్కు ఉందని అమెరికాలోని కళాశాల రచనా బోధకుల సంఘం 1974లోనే తీర్మానం చేసింది. ఏ రూపం ‘శిష్టం’ అన్నది సంస్థలు నిర్ణయిస్తాయన్న సంగతి తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. గిడుగు రామమూర్తి కాలంలో వ్యావహారికం కోసం మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన పోరాటం, తెలంగాణ మాటను సినిమాల్లో ఏళ్ల తరబడి నవ్వులకు వాడుకున్న తీరు మనకు తెలిసినవే.

2. అపాయింట్‌మెంట్ ఫారాన్ని తిరగరాయండి

విద్యార్థికి సెంటర్‌తో మొదటి పరిచయం మనుషుల ద్వారా జరగదు, ఆన్‌లైన్ ఫారం ద్వారా జరుగుతుంది. అందులో మొదటి గడి పేరు. మన పాస్‌పోర్టులో ‘గివెన్ నేమ్’ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఆ చోట ‘ఎఫ్.ఎన్.యు.’ అని, అంటే మొదటి పేరు తెలియదని, ముద్రిస్తారు. యూనివర్సిటీ రికార్డుల్లోకీ అదే ఎక్కుతుంది. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు వల్ల ఇంటిపేరుతోనే పిలిపించుకుంటున్న తెలుగు విద్యార్థులు కూడా ఉన్నారు. రికార్డులోని పేరుతో పాటు ‘మిమ్మల్ని ఏమని పిలవాలి, ఎలా పలకాలి’ అని అడిగే గడి ఒకటి పెడితే ఈ ఇబ్బంది తీరుతుంది. ఆ గడిలో రాసింది సెషన్‌కు ముందే ట్యూటర్ చదివి ఉండాలి, లేకపోతే అడిగీ లాభం లేదు.

తర్వాతది భాష గురించిన ప్రశ్న. ‘మీ మొదటి భాష ఏది’ అని అడిగి ఒక్క జవాబే తీసుకునే ఫారాలు ఎన్నో ఉన్నాయి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివి, ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ మాట్లాడిన హైదరాబాదు విద్యార్థి దానికి ఏం రాయాలి? తెలుగు అని రాస్తే ఇంగ్లీషు రాదనుకుంటారేమోనన్న భయంతో ఇంగ్లీషు అనే రాస్తాడు. దాని బదులు ‘ఏయే భాషల్లో చదవడం, రాయడం మీకు అలవాటు’ అని, జవాబు ఐచ్ఛికమని చెబుతూ అడగండి. ఆ సమాచారం ఎందుకు అడుగుతున్నారో, ఎవరు చూస్తారో కింద ఒక వాక్యంలో రాయండి.

వేళల సంగతి కూడా ఇక్కడే చూడాలి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్న విద్యార్థి సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు. క్యాంటీన్‌లోనో లైబ్రరీలోనో ఆ గంటలు పూర్తిచేసి, ల్యాబ్ ముగించుకుని వచ్చేసరికి సాయంత్రం అయిదు దాటుతుంది. ఉదయం పది నుంచి నాలుగు వరకే తెరిచి ఉండే సెంటర్, తనకు తెలియకుండానే ఆ విద్యార్థిని బయట పెడుతోంది. వారానికి కనీసం రెండు సాయంత్రాలు, ఆన్‌లైన్‌లో మరికొన్ని గంటలు కేటాయించాలి.

అపాయింట్‌మెంట్ ఖరారైనట్టు పంపే మెయిల్‌లో చిన్న వాక్యాలతో నాలుగైదు సంగతులు చెప్పాలి: డ్రాఫ్ట్ పూర్తి కాకపోయినా రావచ్చు, అసలు రాయడం మొదలుపెట్టకపోయినా రావచ్చు, ప్రొఫెసర్ ఇచ్చిన అసైన్‌మెంట్ కాగితం వెంట తెచ్చుకోవాలి, ఎన్ని నిమిషాలు ఆలస్యమైతే అపాయింట్‌మెంట్ రద్దవుతుంది, రాలేకపోతే ఏ బటన్ నొక్కాలి. పూర్తిగా సరిచేసుకున్న తర్వాతే పెద్దవాళ్లకు చూపించాలన్న అలవాటు మన చదువుల్లో బలంగా ఉంది కనుక, మొదటి వాక్యం ఒక్కటే ఎంతోమందిని ముందుగా రప్పిస్తుంది.

3. మొదటి పది నిమిషాలు

ట్యూటర్ ముందు తన గురించి చెప్పాలి: తానూ విద్యార్థినేనని, మార్కులతో తనకు సంబంధం లేదని, విద్యార్థి ఒప్పుకుంటే తప్ప ఈ సెషన్ గురించి ప్రొఫెసర్‌కు తెలియదని. విద్యార్థులందరికీ ఇవి తెలుసని అనుకోవడమే పెద్ద పొరపాటు. తప్పులు పట్టి పైకి పంపే చోటు అనుకుని భయపడుతూ వచ్చేవారు ఎప్పుడూ ఉంటారు.

‘ఈ రోజు దేని గురించి మాట్లాడుకుందాం’ అని ఖాళీగా అడిగితే చాలామంది ‘అంతా ఒకసారి చూడండి’ అంటారు. దాని బదులు అసైన్‌మెంట్ కాగితాన్ని ఇద్దరి మధ్య పెట్టుకుని, ఇది ఎప్పటికి ఇవ్వాలి, ప్రొఫెసర్ ఇంతకుముందు ఏమన్నారు, మీకు మీరుగా అనుమానంగా ఉన్న చోటు ఏది అని విడివిడిగా అడిగితే జవాబులు వస్తాయి. వాటిలోంచి ఆ గంటలో చేయగలిగిన రెండు మూడు పనులను ఒక కాగితం మీద రాయాలి. పెన్ను విద్యార్థి చేతిలోనే ఉండాలి.

విద్యార్థి ‘సర్’ అనో ‘మేడమ్’ అనో పిలిస్తే ఒకసారి తన పేరు చెప్పి వదిలేయాలి. పేరుతోనే పిలవాలని పదేపదే పట్టుబడితే, మర్యాదగా ఉండాలనుకున్న మనిషిని సరిదిద్దినట్టు అవుతుంది. ప్రశ్న వేశాక మౌనం వస్తే ఆగాలి. రెండో భాషలో జవాబు కూర్చుకోవడానికి సమయం పడుతుంది. తల ఊపడాన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. మనవాళ్లు తలను అటూ ఇటూ ఆడిస్తే ‘వింటున్నాను, చెప్పండి’ అని అర్థం. అమెరికన్ ట్యూటర్ దాన్ని కాదనడంగా తీసుకోవచ్చు. ‘అర్థమైందా’ అని అడిగితే అర్థం కాకపోయినా ‘ఆ’ అనే వస్తుంది. ‘సరే, ఈ వాక్యాన్ని ఇప్పుడు మీరైతే ఎలా మారుస్తారు’ అని అడిగితే అర్థమైందో లేదో ఇద్దరికీ తెలిసిపోతుంది.

4. గ్రామర్ మీద మీ నియమాన్ని మార్చండి

అమెరికన్ సెంటర్ల పద్ధతి మీద 1984లో రచనా బోధన పండితుడు స్టీఫెన్ నార్త్ రాసిన వ్యాసం ప్రభావం చాలా ఉంది. కాగితాన్ని బాగుచేసి పంపడం తమ పని కాదని, రాసే మనిషిని తీర్చిదిద్దడమే తమ పని అని ఆయన వాదించారు. సెంటర్‌ను తప్పులు దిద్దే దుకాణంగా చూస్తున్న సహోద్యోగుల మీద వచ్చిన విసుగు ఆ వ్యాసంలో కనిపిస్తుంది, అది న్యాయమైన విసుగే. అయితే ఆ ఆలోచన వాడుకలో క్రమంగా రెండు నియమాలుగా గట్టిపడింది: ప్రూఫ్‌రీడింగ్ చేయకూడదు; నేరుగా జవాబు చెప్పకుండా, ప్రశ్నలు వేసి విద్యార్థి చేతనే చెప్పించాలి.

ఈ రెండో నియమం ఇంగ్లీషు నీళ్లలా వచ్చినవారికి పనిచేస్తుంది. ‘ఈ వాక్యం మీకెలా వినిపిస్తోంది’ అని అడిగితే వారి చెవి తప్పును పట్టుకుంటుంది. ఆ చెవి ఇంకా తయారు కాని విద్యార్థిని అదే ప్రశ్న అడిగితే, జవాబు దాచిపెట్టి ఆట పట్టిస్తున్నారని అనుకుంటాడు. డ్రాఫ్ట్‌ను విద్యార్థి చేతనే పైకి చదివించే పద్ధతి కూడా ఇలాంటిదే. రెండో భాషలో పైకి చదువుతున్నప్పుడు దృష్టంతా ఉచ్చారణ మీదకు పోతుంది. అలాంటప్పుడు ట్యూటరే నిదానంగా చదివి, తాను తడబడిన చోట ఆగి ‘ఇక్కడ నాకు రెండు అర్థాలు వస్తున్నాయి’ అని చెప్పడం మంచిది. ఎవరు చదవాలో విద్యార్థినే ఎంచుకోనివ్వండి.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. పబ్లిక్ పాలసీ చదువుతున్న తెలుగు విద్యార్థి రైతుబంధు పథకం మీద వ్యాసం తెచ్చాడనుకుందాం. ‘గవర్నమెంట్ ఇంట్రడ్యూస్డ్ స్కీమ్ ఫర్ ఫార్మర్స్. స్కీమ్ ఈజ్ హావింగ్ మెనీ బెనిఫిట్స్’ అని అందులో ఉంది. ఆర్టికల్స్ (‘ఎ’, ‘యాన్’, ‘ద’) లేవని ఎర్ర గీతలు పెడితే ఆ రెండు వాక్యాలు బాగుపడతాయి గాని, తర్వాతి పేజీలో అదే తప్పు మళ్లీ వస్తుంది. తెలుగులో ఆర్టికల్స్ లేవు కనుక అతని మనసులో ఆ ప్రశ్నే పుట్టదు. అందువల్ల ట్యూటర్ ఇలా అడగాలి: ‘మీ పాఠకుడికి ఈ పథకం గురించి ముందే తెలుసా, లేక ఇప్పుడే మొదటిసారి వింటున్నాడా?’ మొదటిసారి అయితే ‘ఎ స్కీమ్’. ఒకసారి చెప్పాక అదే పథకమైతే ‘ద స్కీమ్’. తెలుగులో ‘ఒక పథకం’, ‘ఆ పథకం’ అని మనం చేసే తేడా దీనికి కొంతవరకు దగ్గరగా ఉంటుంది. వెంటనే ఇంకో సంగతి బయటపడుతుంది: ఏ గవర్నమెంట్? కరీంనగర్ నుంచి వచ్చిన విద్యార్థికి అది చెప్పనక్కరలేని విషయం, ఒహాయోలోని ప్రొఫెసర్‌కు చెప్పాల్సిన విషయం. ‘ఇన్ 2018, ద గవర్నమెంట్ ఆఫ్ తెలంగాణ...’ అని వాక్యం మారేటప్పటికి ఆర్టికల్‌తో పాటు సమాచారం కూడా చేరింది. గ్రామర్ చూడం అన్న నియమం ఉంటే ఈ సంభాషణే జరిగేది కాదు.

రెండో వాక్యంలోని ‘ఈజ్ హావింగ్’ సంగతి వేరు. దాన్ని ప్రశ్నలతో రాబట్టలేం. కలిగి ఉండడం అన్న అర్థంలో అమెరికన్ విద్యారచనలో ‘హాజ్’ అని రాస్తారని ట్యూటర్ నేరుగా చెప్పేయాలి. ఏ క్రియతో ఏ ప్రిపొజిషన్ వస్తుందన్న విషయాలూ అంతే. ‘డిస్కస్ అబౌట్’ ఎందుకు రాయరని అడిగితే తర్కం ఏదీ దొరకదు, వాడుక అలా ఉంది. నియమంతో వివరించగలిగినదాన్ని వివరించి సాధన చేయించాలి, వివరించలేనిదాన్ని చెప్పి ముందుకు సాగాలి.

పద్ధతిగా చేయాలంటే: ముందు డ్రాఫ్ట్ అంతా చదివి, అర్థాన్ని అడ్డుకుంటున్న తప్పులేవో, కేవలం కంటికి కనిపించే తప్పులేవో వేరుచేయండి. మొదటి రకంలోంచి పదేపదే వస్తున్న ఒకటి రెండు రకాలను మాత్రమే ఎంచుకోండి. ఒక్కో రకానికి మొదటి వాక్యాన్ని ట్యూటర్ సరిచేస్తూ కారణం చెప్పాలి. రెండోదాన్ని విద్యార్థి సరిచేయాలి. మూడోదాన్ని ఎక్కడుందో అతనే వెతికి పట్టుకోవాలి. మిగతావి ఈ రోజు ముట్టుకోవడం లేదని స్పష్టంగా చెప్పండి, లేకపోతే అవన్నీ బాగున్నాయనుకుంటాడు.

భారతీయ ఇంగ్లీషును తప్పుల పట్టీలో వేయకూడదు. ‘లాఖ్’, ‘క్రోర్’, ‘ప్రీపోన్’ మన దేశంలో చదువుకున్నవారంతా వాడేవే. ‘ఐ హావ్ ఎ డౌట్’ అని మన విద్యార్థి అంటే సందేహం అడుగుతున్నాడని మనకు తెలుసు. అక్కడి ప్రొఫెసర్ తన మాటను నమ్మడం లేదని అనుకోవచ్చు. ‘ఇది ఇక్కడి పాఠకుడికి ఇలా అందే అవకాశం ఉంది, మార్చాలా ఉంచాలా అన్నది మీ ఇష్టం’ అన్న వరకే ట్యూటర్ పని.

ఇక సెంటర్ వెబ్‌సైట్‌లోని నియమాన్ని మార్చండి. ‘మేం ప్రూఫ్‌రీడింగ్ చేయం’ అన్న వాక్యం తీసేసి, ‘మీ కాగితం మొత్తాన్ని మేం దిద్ది ఇవ్వం గాని, గ్రామర్, పదాల ఎంపిక సహా మీరు అడిగిన దేని గురించైనా మీతో కూర్చుని పనిచేస్తాం, మీకు మీరే దిద్దుకోవడం నేర్పుతాం’ అన్న అర్థం వచ్చేలా రాయండి.

5. అసలు వాదన ఎక్కడ ఉండాలో బాహాటంగా చెప్పండి

అదే వ్యాసంలో మొదటి మూడు పేరాల నిండా భారతదేశంలో వ్యవసాయం ప్రాముఖ్యం, రుతుపవనాలు, అప్పుల బాధలు ఉన్నాయి. రైతుబంధు సొమ్ము భూమి పట్టా ఉన్నవారికే అందింది గాని కౌలు రైతులకు అందలేదన్న అతని అసలు వాదన ఆఖరి పేరాలో, అదీ సగం వాక్యంలో ఉంది. వాదన బలమైనది, చోటే తప్పింది. ఇక్కడి ప్రొఫెసర్లు ఆ మాటను మొదటి పేజీలోనే చూడాలనుకుంటారని, దాన్నే థీసిస్ స్టేట్‌మెంట్ అంటారని ట్యూటర్ చెప్పాలి. ఇది ఈ దేశపు విశ్వవిద్యాలయాల అలవాటేనని, తెలివికి కొలమానం కాదని కూడా చెప్పాలి.

ఇంగ్లీషువారు నిటారు గీతలా, ఆసియావారు సుడులు తిరుగుతూ ఆలోచిస్తారని 1966లో భాషాశాస్త్రవేత్త రాబర్ట్ కాప్లాన్ వేసిన బొమ్మలు ఇప్పటికీ కొన్ని ట్యూటర్ శిక్షణల్లో కనిపిస్తుంటాయి. వాటిని తీసి పక్కన పెట్టండి. మన విద్యార్థి ఉపోద్ఘాతంతో మొదలుపెట్టడానికి కారణం ఇంటర్, డిగ్రీ పరీక్షల్లో పది మార్కుల జవాబును అలా రాయమని నేర్పడమే. సంస్కృతి పేరు మీద పెద్ద మాటలు చెప్పేకంటే ‘ఇంతకుముందు ఇలాంటి వ్యాసాలు ఎలా రాసేవారు, మార్కులు దేనికి వచ్చేవి’ అని అడిగితే ఆ విద్యార్థి గురించి అసలు సంగతి తెలుస్తుంది. పండితుడి అభిప్రాయాన్ని ఖండించడానికి జంకే విద్యార్థికి, మర్యాద తప్పకుండా విభేదించే వాక్యాల నమూనాలు రెండు మూడు ఇవ్వండి. అభిప్రాయాలు అతనికి ఉన్నాయి, వాటిని చెప్పే వాక్యాలు కావాలి.

6. కాపీ గురించి భయపెట్టకుండా మాట్లాడండి

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ల్యాబ్ రికార్డు సీనియర్ల రికార్డు చూసి రాయడం మామూలు సంగతి. గైడులోని జవాబును అక్షరం పొల్లుపోకుండా రాస్తే మార్కులు వస్తాయి. ఆ చదువులో నెగ్గుకొచ్చిన విద్యార్థి, ఎంఎస్ మొదటి సెమిస్టర్‌లో ఒక పేరా యథాతథంగా వాడి ప్లేజరిజం (ఇతరుల రాతను సొంతదిగా చూపడం) విచారణ ముందు నిలబడితే, తాను చేసిన నేరమేమిటో అతనికి నిజంగానే తెలియదు. నియమాలు తెలియకపోవడం శిక్షను ఆపదు కాబట్టి, సెంటర్ దీన్ని సెమిస్టర్ మొదటి మూడు వారాల్లోనే, అసైన్‌మెంట్లు మొదలుకాకముందే నేర్పాలి.

సెషన్‌లో సైటేషన్, అంటే మూలం వివరం, లేని పేరా కనిపిస్తే ‘ఇది ఎక్కడిది’ అని గద్దించకుండా ‘ఈ ఆలోచన ఏ పుస్తకంలో చదివారు, పాఠకుడు అది వెతుక్కోవాలంటే ఎలా’ అని అడగండి. పారాఫ్రేజ్, అంటే చదివినదాన్ని సొంత మాటల్లో చెప్పడం, నేర్పడానికి మంచి పద్ధతి ఒకటుంది. మూల వ్యాసాన్ని చదివాక మూసేయమనండి. అందులో ఏముందో విద్యార్థికి తేలికైన భాషలో, అది తెలుగైనా సరే, పైకి చెప్పమనండి లేదా నోట్స్ రాసుకోమనండి. ఆ నోట్స్ చూసి ఇంగ్లీషులో రాయమనండి. చివరగా మూలాన్ని తెరిచి అర్థం మారిందేమో, పదబంధాలు యథాతథంగా వచ్చాయేమో పోల్చుకోమనండి. మధ్యలో మాతృభాష వచ్చిచేరడం వల్ల మూలంలోని వాక్యాల పట్టు సడలుతుంది. ట్యూటర్‌కు తెలుగు రానక్కరలేదు.

7. ట్యూటర్ల ఎంపిక, శిక్షణ

ట్యూటర్లందరూ ఇంగ్లీషు సాహిత్యం చదివినవారే అయితే, కంప్యూటర్ సైన్స్ రిపోర్టు తెచ్చిన విద్యార్థికి భాషతో పాటు రంగం కూడా పరాయిదవుతుంది. ఇంజనీరింగ్, నర్సింగ్, బిజినెస్ విభాగాల నుంచి, రెండు మూడు భాషల్లో చదివి రాసే అలవాటున్న విద్యార్థులను పిలిచి తీసుకోండి. ‘నిర్దుష్టమైన ఇంగ్లీషు’ అని ప్రకటనలో రాస్తే వారు దరఖాస్తే పెట్టరు. రెండో భాషలో రాయడంలోని కష్టం అనుభవంలో ఉండటాన్ని అర్హతగా పేర్కొనండి. ఉచ్చారణ చూసి ‘వేరే ట్యూటర్ కావాలి’ అనే విద్యార్థులు కూడా ఉంటారు, మనవాళ్లలోనూ ఉంటారు. అప్పుడు డైరెక్టర్ ట్యూటర్ పక్షాన నిలవాలి. విదేశీ విద్యార్థులు రాగానే అందరినీ ఆ ఒక్క ట్యూటర్ మీదకే తోయడం కూడా అన్యాయమే.

సెషన్‌లో ఇద్దరికీ తెలిసిన భాష మాట్లాడుకోవచ్చని నియమాల్లోనే రాయండి. తెలుగు ట్యూటర్, తెలుగు విద్యార్థి కలిసినప్పుడు ఆలోచనలను తెలుగులో తేల్చుకుని వాక్యాలు ఇంగ్లీషులో కూర్చుకుంటే పని త్వరగా అవుతుంది. అయితే విద్యార్థి ఇంగ్లీషులోనే మాట్లాడాలనుకుంటే ట్యూటర్ తెలుగులోకి లాగకూడదు.

ఇక్కడ తెలుగు ట్యూటర్లకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ‘ఏ ఊరు మీది, ఇంటిపేరేంటి, నాన్నగారేం చేస్తారు’ అన్న పలకరింపు మనకు ఆప్యాయతగానే అనిపిస్తుంది. ఆ ప్రశ్నల చివర కులం ఉంటుందని దళిత, బహుజన విద్యార్థులకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఏడు సముద్రాలు దాటి వచ్చాక కూడా అవే ప్రశ్నలు ఎదురైతే ఆ విద్యార్థి సెంటర్‌కే కాదు, తెలుగువాళ్లున్న ఏ చోటుకీ రాడు. బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లోనూ, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థ 2022లోనూ తమ వివక్ష వ్యతిరేక విధానాల్లో కులాన్ని చేర్చాయి. ట్యూటర్ల శిక్షణలో జాతి, మతం, లింగం గురించి చెప్పేటప్పుడు దీన్నీ చేర్చాలి. వ్యాసం గురించి అడిగితే చాలు, ఊరు గురించి చెప్పాలనుకుంటే విద్యార్థే చెబుతాడు.

8. ఏఐ

దీని మీద సెంటర్ వైఖరి ఒక పేజీలో, అర్థమయ్యే భాషలో ఉండాలి. ఏఐతో రాశారో లేదో కనిపెడతామనే సాఫ్ట్‌వేర్లను 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షిస్తే, ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం సొంతంగా రాసిన వ్యాసాల్లో సగటున సగానికి పైగా ఏఐ రాతలుగా తేలాయి. పరిమితమైన పదజాలంతో రాసేవారి మీద అనుమానం ఎక్కువగా పడుతోందన్నమాట. కాబట్టి డ్రాఫ్ట్ మార్పులన్నీ నమోదయ్యే గూగుల్ డాక్స్ వంటి వాటిలోనే రాయమని, పాత ప్రతులు చెరపవద్దని విద్యార్థులకు చెప్పండి. గ్రామర్ సరిచేసే యాప్ వాడటానికి ఆ కోర్సులో అనుమతి ఉందో లేదో ముందే ప్రొఫెసర్‌ను అడిగి, జవాబును మెయిల్‌లో దాచుకోమనండి.

9. ప్రొఫెసర్లతో

పేపర్ మీద ‘రైటింగ్ సెంటర్‌కు వెళ్లు’ అని ఒక్క ముక్క రాసి పంపే ప్రొఫెసర్ల వల్ల సెంటర్ బలహీనుల వార్డు అన్న పేరు తెచ్చుకుంటుంది. దాని బదులు ‘రెండో భాగంలో వాదన బాగుంది, ఆధారాలు దానికి అతకడం లేదు, ఆ సంగతి ట్యూటర్‌తో మాట్లాడు’ అని రాయమని డిపార్ట్‌మెంట్లను కోరండి. గ్రామర్‌కు ఎన్ని మార్కులు, ఆలోచనకు ఎన్ని మార్కులు అన్నది అసైన్‌మెంట్ కాగితం మీదే విడిగా చూపమనండి. దీనికి ఏళ్లు పడుతుంది. ఒప్పుకునే ఇద్దరు ముగ్గురితో మొదలుపెట్టడం మేలు.

10. మన రాష్ట్రాల్లో పెట్టేవారికి

సోనీపత్‌లోని అశోకా విశ్వవిద్యాలయంలో, శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయంలో రచనా కేంద్రాలు నడుస్తున్నాయి. అయితే వీటి అవసరం ఎక్కువగా ఉన్నది ప్రభుత్వ విద్యాసంస్థల్లోనే. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాలని ప్రభుత్వం నిర్ణయించినప్పుడు, తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన విద్యార్థికి తోడు నిలిచే ఇలాంటి చోటు ఉండి ఉంటే మార్పు ఇంకొంచెం తేలికయ్యేది. 2008లో ఏర్పడి, పదో తరగతి పూర్తిచేసిన గ్రామీణ విద్యార్థులను తీసుకునే ఆర్జీయూకేటీ (రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం) వంటి చోట ఒక గది, పైతరగతుల నుంచి శిక్షణ ఇచ్చిన పదిమంది ట్యూటర్లు, వారికి గౌరవ వేతనం ఉంటే మొదలుపెట్టవచ్చు.

ఇక్కడ జాగ్రత్త పడాల్సిన విషయం మరొకటి ఉంది. సెంటర్‌లో తెలుగు మాట్లాడితే అందరికీ ఇంట్లో ఉన్నట్టు ఉంటుందని అనుకుంటాం. సవర, కోయ, గోండి, లంబాడి మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన విద్యార్థికి తెలుగు కూడా బడిలో నేర్చుకున్న భాషే. హైదరాబాదు పాతబస్తీ విద్యార్థికి ఉర్దూ ముందు, తెలుగు తర్వాత. సవరల కోసం బడులు పెట్టి, వారి భాషకు వ్యాకరణం రాసిన గిడుగు వారిని తల్చుకునే మనం దీన్ని మరవకూడదు. అమెరికన్ సెంటర్ ఇంగ్లీషుతో చేసే పొరపాటునే మనం తెలుగుతో చేసే ప్రమాదం ఉంది.

11. మార్పు వచ్చిందో లేదో చూడటం

సెషన్ అయిపోగానే ఇచ్చే రేటింగ్ ఫారాలను నమ్మవద్దు. సాయం చేసిన మనిషి ఎదురుగా ఉండగా అయిదుకు అయిదు ఇవ్వడం మన మర్యాద, ఇంకా ఎన్నో దేశాల మర్యాద. ఒకసారి వచ్చినవారిలో ఎందరు రెండోసారి వచ్చారు, మొదటి అడుగులో మీరు గుర్తించిన విభాగాల నుంచి రాక పెరిగిందా, సాయంత్రపు గంటలు నిండుతున్నాయా అన్నవి చూడండి. ట్యూటర్లు రాసిన సెషన్ నోట్స్‌ను విద్యార్థుల పేర్లు తీసేసి సెమిస్టర్‌కు ఒకసారి కలిసి చదవండి. ‘మాట్లాడలేదు’, ‘ఆసక్తి లేదు’ అని ఎవరి గురించి ఎక్కువగా రాస్తున్నారో అక్కడ తెలుస్తుంది.

చివరగా, ఒక్కసారి వచ్చి మానేసినవారికి చిన్న మెయిల్ రాయండి. మళ్లీ రమ్మని పిలవవద్దు. ‘ఆ రోజు మీరు దేని కోసం వచ్చారు, ఏది దొరకలేదు’ అన్న రెండు ప్రశ్నలే అడగండి, ఏ భాషలోనైనా రాయవచ్చని చెప్పండి. జవాబులు కొన్నే వస్తాయి. వాటిని తర్వాతి సెమిస్టర్ ట్యూటర్ల శిక్షణ మొదటి రోజున అందరి ముందూ చదివి, ఏ నియమం వల్ల ఆ విద్యార్థి వెనక్కి పోయాడో గుర్తించి, దాన్ని మార్చిన తర్వాతే బుకింగ్‌లు తెరవండి.